నాన్న గడియారం గీస్తున్న అబ్బాయి: బొమ్మలు మాన్పించాలా, కోర్సు మార్పించాలా?

ప్రశ్న: మావారు పోయి ఎనిమిది నెలలైంది. మా అబ్బాయికి పదిహేడేళ్లు, పన్నెండో తరగతిలో సైన్స్ చదువుతున్నాడు. అప్పటి నుంచి పుస్తకం పట్టడం తగ్గిపోయింది. రాత్రిళ్లు తలుపేసుకుని బొమ్మలు గీస్తాడు. అన్నీ వాళ్ల నాన్న వస్తువులే: కళ్లజోడు, చెప్పులు, చేతి గడియారం. ఇప్పుడు సైన్స్ వద్దు, ఫైన్ ఆర్ట్స్‌లో చేరతానంటున్నాడు. బంధువులేమో ముందు ఆ బొమ్మలు మాన్పించమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బొమ్మలు మాత్రం మాన్పించకండి. మీరు ఫొటో తీసి పంపిన గడియారం బొమ్మను చాలాసేపు చూశాను. పట్టీకి మూడో రంధ్రం సాగిపోయి ఉంది, దాని పక్కనే తోలు పగిలింది. ఆ పగులును కూడా వదలకుండా గీశాడు. రోజూ నాన్న మణికట్టును చూసిన పిల్లాడికే తెలిసే సంగతి అది. ‘ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వే’ అనిపించుకున్న పిల్లలు ఎవరి ముందూ ఏడవలేరు. ఆ ఏడుపు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా.

అయితే ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. నాన్న కోసం గీయడం వేరు, బొమ్మలే బతుకుతెరువు అనుకోవడం వేరు. మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మార్కులు వేసేవాళ్లు అసలే అక్కర్లేదు. రెండోదానికి మనసుకు పట్టని వస్తువునూ గీయగలగాలి, తప్పులు ఎత్తిచూపితే తట్టుకోవాలి. ఆ గడియారం చూసి ఒక లెక్చరర్ ‘షేడింగ్ కుదరలేదు’ అన్న రోజు బాబుకు ఎలా ఉంటుందో ఊహించండి.

జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ 1914 అక్టోబరులో, మొదటి ప్రపంచ యుద్ధంలో, పద్దెనిమిదేళ్ల కొడుకు పీటర్‌ను పోగొట్టుకున్నారు. అప్పటికే ఆమెకు మంచి పేరుంది. అయినా కొడుకు స్మారక శిల్పం పూర్తయ్యేసరికి 1932 వచ్చింది. మధ్యలో ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టారు. మొదట కొడుకు దేహాన్ని కూడా చెక్కాలనుకున్నారు. చివరికి మోకాళ్ల మీద ఉన్న తల్లీ తండ్రే మిగిలారు. చేయి తిరిగిన మనిషికే అన్నేళ్లు పట్టింది. ఎనిమిది నెలలకే జీవితమంతటికీ సరిపడే నిర్ణయం తీసుకోమని ఈ పిల్లాణ్ణి ఎలా అడుగుతాం?

అందుకే ఈ సంవత్సరం పరీక్షలు రాయనివ్వండి. పాసైతే చాలు, ర్యాంకుల మాట ఎత్తకండి. వారానికి రెండు రోజులు డ్రాయింగ్ క్లాసులో చేర్పించండి. అక్కడ మనుషుల్ని, చెట్లను, ఖాళీ సీసాలను కూడా గీయమంటారు. నాన్నవి కాని వస్తువులు గీసేటప్పుడు కూడా టైమ్ మర్చిపోతున్నాడా, గమనించండి. ఫైన్ ఆర్ట్స్ అడ్మిషన్‌కు పోర్ట్‌ఫోలియో (తను గీసినవాటిలోంచి ఎంచి చూపించే బొమ్మల కట్ట) అడిగితే అందులోనూ ఇలాంటి రకరకాల పనే కావాలి. ఏడాది తర్వాత కూడా అదే మాట మీద ఉంటే నేను బాబు పక్షానే మాట్లాడతాను.

బాధను బొమ్మల్లో చెప్పుకోవడం, బొమ్మలతో బతుకుతెరువు, ఈ రెండూ కలిసే వృత్తి కూడా ఉంది. అదే ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలు గీయించి మనసు బాధకు చికిత్స చేయడం. క్షయతో శానటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు తనకు చేసిన మేలును గమనించిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, 1942లో దానికి ఆ పేరు పెట్టారు. అమెరికాలో, బ్రిటన్‌లో ఆ పని చేయాలంటే పీజీ, పర్యవేక్షణలో శిక్షణ ఉండాలి. కానీ ఈ సంగతి ఇప్పుడే చెప్పకండి. నీ గాయాన్నే ఉద్యోగం చేసుకో అని పదిహేడేళ్ల పిల్లాడికి చెప్పకూడదు.

నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, ‘నేనూ పోతే బాగుండు’ లాంటి మాట ఒక్కటి వినిపించినా అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు బొమ్మలు ఒక్కటే సరిపోవు.

ఆ బొమ్మలు బంధువులకు చూపించకండి, ఆన్‌లైన్‌లో పెట్టకండి. నాకు ఫొటో పంపిన సంగతి కూడా బాబుకు చెప్పేయండి. ఆయన వస్తువు ఏదైనా మీరు దాచుకుని ఉంటే, ఒక రాత్రి తలుపు తట్టి, అది టేబుల్ మీద పెట్టి కాసేపు పక్కన కూర్చోండి. ఏం గీస్తున్నావని అడగక్కర్లేదు.