పరీక్ష తప్పిన పిల్లాడిని మళ్లీ పుస్తకం పట్టేలా చేయడం ఎలా?

"అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కలు తప్పాడు, ఇప్పుడు పుస్తకమే ముట్టట్లేదు, ఎలా ప్రోత్సహించాలి?" అని అడిగారు. ముందు ఆ ప్రోత్సాహం మాటలు ఆపండి. "నువ్వు చేయగలవు" అన్న ప్రతిసారీ, చేయలేకపోతున్నానన్న సంగతే వాడికి గుర్తొస్తుంది.

నేను బెంగళూరు కె.ఆర్.పురంలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. అనంతపురం, కదిరి వైపు నుంచి బిల్డింగు పనులకు వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ. 2024 పరీక్షల ముందు ఒక కుర్రాడు బ్యాగు పక్కన పడేసి, "నాకు లెక్కలు రావు మిస్, నాయనతో సెంట్రింగ్ పనికి పోతా" అన్నాడు.

పాత ప్రశ్నపత్రం తీసి వాడి ముందు పెట్టాను. రాత పరీక్ష 80 మార్కులకు. ఏది వచ్చు, ఏది సగం వచ్చు, ఏది అసలు రాదో వాడి చేతే గుర్తు పెట్టించాను. గ్రాఫ్ ప్రశ్నకి 4 మార్కులు. దాన్ని "రాదు"లో వేశాడు. గీయమంటే గీశాడు! విలువలు వేసేటప్పుడు మైనస్ గుర్తు దగ్గర తడబడుతున్నాడు, అంతే. అది సరిచేయగానే రెండు గీతలూ కలవాల్సిన చోట కలిశాయి. "ఇంకోటి ఇవ్వండి మిస్" అన్నాడు. ట్రిగొనామెట్రీ జోలికి ఆ రోజు పోనేలేదు.

ఆ ఏడాది కర్ణాటకలో పదో తరగతికి మూడు పరీక్షలు పెట్టారు, ఎందులో ఎక్కువొస్తే ఆ మార్కులే ఉంటాయి. అది విన్నాక వాడి టెన్షన్ సగం దిగింది. మొదటి పరీక్షలోనే గట్టెక్కాడు.

ఆశను కొలిచే ప్రశ్నావళిని 1991లో ప్రచురించిన అమెరికా మనస్తత్వవేత్త సి.ఆర్.స్నైడర్ ఆశలో రెండు భాగాలుంటాయన్నాడు: సాధించాలన్న పట్టుదల, అక్కడికి చేరే దారులు కనిపించడం. మన ఇళ్లలో పట్టుదల లేదనే తిడతాం, దారి చూపించం.

స్కూళ్లూ అంతే. గేటుకి ర్యాంకుల ఫ్లెక్సీ కడతారు. తప్పినవాడు రోజూ దాని కిందనుంచే లోపలికి పోవాలి. పేరెంట్స్ మీటింగ్ పనిరోజు పొద్దున పెట్టి, తల్లిదండ్రులకి శ్రద్ధ లేదంటారు. వాళ్లొస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆదివారం పెట్టి చూడమనండి, మా వీధి మేస్త్రీలంతా వస్తారు.