పెళ్లికొడుకు హెచ్‌ఐవీ రిపోర్టు నా కంట పడింది, మా అత్తకు చెప్పాలా?

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న చెల్లె అడిగిన ప్రశ్న ఇది. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన వాళ్ల ఊరి పిలగాడి రక్తపరీక్షలో హెచ్‌ఐవీ రియాక్టివ్ (ఉండొచ్చని సూచన) అని వచ్చింది. అతనికే ఆమె మేనత్త బిడ్డతో లగ్గం ఖాయమైంది.

అత్తకు చెప్పొద్దు చెల్లె. అట్లని ఊకుండొద్దు కూడా. వరంగల్ వైపు ప్రభుత్వ ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే కేంద్రంలో, చాలా ఏళ్లు కౌన్సెలర్‌గా చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తున్నా.

ముందు ఆ రిపోర్టు సంగతి. ఆపరేషన్‌కు ముందు చేసేది స్క్రీనింగ్ పరీక్ష. ఒక్క కిట్‌లో రియాక్టివ్ వచ్చినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉందని తేలినట్టు కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడింట్లోనూ వస్తేనే పాజిటివ్ అని రాసిస్తారు. ఇంకా తేలని మాటకు సంబంధం చెడిపోతే ఆ పాపం ఎవరిది?

సరే, తేలిందనే అనుకుందాం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం, రోగి రాసిచ్చిన సమ్మతి లేకుండా ఆసుపత్రి సిబ్బంది ఈ విషయం బయటపెట్టకూడదు. భాగస్వామికి చెప్పే వెసులుబాటు డాక్టరుకు, కౌన్సెలర్‌కు మాత్రమే ఉంది. అదీ రోగికి నచ్చజెప్పి చూసి, ఇక అతను చెప్పడని రూఢి అయ్యాక, ‘నేను చెప్తున్నా’ అని అతనికి ముందే తెలిపి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి. పైగా భాగస్వామి అంటే భార్య, భర్త, లేదా పెళ్లిలాంటి బంధంలో ఉన్నవాళ్లే. ఖాయమైన పిల్ల ఆ లెక్కలోకి రాదు. నన్నడిగితే అది చట్టంలో పెద్ద లోటే. కొందరు 1998 నాటి ‘మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్’ తీర్పు చూపిస్తారు. అందులో పెళ్లి కుదిరిన ఒకాయన హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టిన ఆసుపత్రిని సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు, నిజమే. కానీ అది ఈ చట్టం రాకముందు మాట. అది చూసుకుని నర్సు పోయి బంధువుల ఇంట్లో చెప్పడం కుదరదు.

మరి ఏం చేయాలి? సర్జన్‌కు చెప్పి, ఆ పిలగాడిని ఐసీటీసీకి పంపించమను. పెళ్లి కుదిరిన సంగతి అతని నోటితోనే అక్కడి కౌన్సెలర్‌కు తెలిసేలా చూడమను. శారీరక సంబంధం పెట్టుకునే ముందు అవతలి మనిషికి జబ్బు సంగతి చెప్పడం పాజిటివ్ వ్యక్తి జాగ్రత్తల్లో ఒకటని ఆ చట్టమే అంటుంది. మేం కౌన్సెలింగ్‌లో గట్టిగా పట్టుకునేది అక్కడే.

గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన నా ముందు కూర్చుని, "మా ఇంటామెకు చెప్తే పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి పోతది మేడం" అన్నాడు. నువ్వు చెప్తావా, నా ముందు చెప్తావా, నన్నే చెప్పమంటావా అని అడిగాను. మూడు నాలుగు సార్లు వాయిదా వేశాడు. చివరికి నా గదిలోనే, బల్ల మీద ఉన్న పెన్ను మూత తీస్తూ పెడుతూ చెప్పాడు. ఆమె ఏడవలేదు. "పిల్లలకు పరీక్ష ఎప్పుడు చేస్తరు?" అని అడిగింది. ఆమెకు నెగెటివ్ వచ్చింది. అదే కబురు వాడకట్టులో విని ఉంటే ఆమె పరీక్ష దాకా వచ్చేదని నేననుకోను. ఇంకొకాయన సంగతి ఇట్లనే ఊరంతా పాకితే, ఎవరైనా చూస్తారని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులకు పోవడమే మానేశాడు. ఆ మందులు వరుసగా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి వచ్చి అట్లనే నిలిస్తే, సంభోగం ద్వారా అవతలివాళ్లకు అంటదు. అన్నీ తెలిసి ఇష్టపడి పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు. కాకపోతే, తెలిసి ఒప్పుకోవాల్సింది ఆ పిల్ల.

ఇంకో మాట. అతని కేస్ షీట్ అట్ట మీద ఎర్ర పెన్నుతో హెచ్‌ఐవీ అని రాసి ఉంటే వెంటనే తీయించు. సగం ముచ్చట్లు బయటికి పోయేది ఆ అట్ట మీది నుంచే.

‘ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి’ అని అత్తకు సలహా ఇవ్వమనేవాళ్లుంటారు. మీ ఇంట్లో ప్రతి సంబంధానికీ ఆ మాట అనే అలవాటుంటే అను. ఈ ఒక్కదానికే అంటే, అత్తకు వెంటనే అర్థమైపోతుంది. ఆమె నేరుగా అడిగితే, "ఆసుపత్రిలో చూసింది ఎవరిదీ ఇంట్లో చెప్పనత్తా" అను. మిగతావాళ్ల గురించి అడిగినప్పుడు కూడా ఇదే జవాబివ్వాలి. వాళ్ల గురించి ‘బాగున్నారు’ అని చెప్పి, ఇతని దగ్గర మాత్రం నోరు కట్టేసుకుంటే చెప్పేసినట్టే. నీకు టెన్షన్ ఎక్కువైతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు. పేర్లు చెప్పకుండా అడగొచ్చు.