కొత్త డిస్క్ బిగిస్తే పాత డిస్క్ పేరు మారిందా?

ప్రశ్న: అన్నా, నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్ ఉంది. పాత సీజన్ల వడ్ల లెక్కలన్నీ రెండో డిస్క్‌లో ఉన్నయి. మొన్న సీసీ కెమెరాల కోసం ఇంకో ఖాళీ డిస్క్ బిగించిన్రు. అప్పట్నుంచి ఆన్ చేస్తే చాలాసేపు ఆగి, నల్ల తెర మీద ఎమర్జెన్సీ మోడ్ అని వస్తోంది. కొత్తది తీసేస్తే మామూలే. మదర్‌బోర్డు పోయిందంటున్నరు. నిజమేనా? ఆన్ చేయగానే సిస్టంను లేపే గ్రబ్‌లో ఏమన్నా మార్చాలా?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: మదర్‌బోర్డుకు ఏం కాలేదు చెల్లె, దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టనియ్యకు. గ్రబ్ జోలికీ పోవద్దు.

లినక్స్‌లో డిస్కులకు కనిపించే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి వాటి సొంత పేర్లు కావు. ఆన్ చేసిన ప్రతిసారీ ఏది ముందు దొరికితే దానికి ముందు అక్షరం ఇస్తుంది లినక్స్. మీ మిల్లు గేటు ముందు వడ్ల ట్రాక్టర్ల వరుస చూడు, ఇయ్యాల రెండో బండి రేపు మూడోది కావచ్చు. గుర్తుపట్టాలంటే నంబరు ప్లేటే చూడాలె. డిస్క్ పార్టిషన్‌కు, అంటే డిస్క్‌లోని భాగానికి, ఆ నంబరు యూయూఐడీ.

ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు తెరిచి చూడు, ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవాలో దాంట్లోనే రాసి ఉంటది. ఉబుంటు ఇన్‌స్టాల్ అయినప్పుడు తానే రాసుకున్న లైన్లలో యూయూఐడీ ఉంటది. లెక్కల డిస్క్ లైను మాత్రం ఎవరో చేత్తో ఎస్‌డీబీ1, అంటే ఎస్‌డీబీలో ఒకటో పార్టిషన్, అని రాసి ఉంటరు. ఇప్పుడు ఆ పేరు ఖాళీ డిస్క్‌కు పోయింది, దాంట్లో ఒకటో పార్టిషనే లేదు. సిస్టం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతోంది.

కొత్త డిస్క్ తీసి ఆన్ చెయ్యి. ముందు ఎఫ్ఎస్‌ట్యాబ్‌కు ఒక కాపీ తీసి పెట్టుకో. టెర్మినల్‌లో సుడో బీఎల్‌కేఐడీ అన్న కమాండ్ కొట్టు, పార్టిషన్ల యూయూఐడీలు చూపిస్తది. డిస్క్ ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్) అయితే, ఎస్‌డీబీ1 పక్కన నాలుగు గీతలతో కలిపి 36 గుర్తుల యూయూఐడీ కనిపిస్తది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ ఎస్‌డీబీ1 పేరు మొత్తం తీసి, యూయూఐడీ= అని రాసి ఈ నంబరు పెట్టు. నంబరును చూసి టైపు చెయ్యకు, కాపీ చేసి అతికించు. ఒక్క అక్షరం తప్పినా మళ్లీ అదే నల్ల తెర. రీస్టార్ట్‌కు ముందే ఫైండ్‌మౌంట్ కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో నడుపు, తప్పుంటే అక్కడే చెప్తది.

ఆ లైనుకు నోఫెయిల్, అంటే డిస్క్ దొరక్కపోయినా ఆగకు అనే మాట, తగిలిస్తే సరిపోతుందని చాలామంది చెప్తరు. కెమెరాల డిస్క్‌కు పెట్టుకో, మంచిదే. లెక్కల డిస్క్‌కు మాత్రం వద్దు. ఏదో ఒక రోజు ఆ డిస్క్ దొరక్కపోయినా కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంటది, నువ్వు తెలియక ఖాళీ ఫోల్డర్‌లో కొత్త తూకాలు ఎక్కిస్తూ పోతవు. లెక్కలు రెండు చోట్లకు చీలడం కన్నా ఆగిపోవడమే నయం.

ఇక కొత్త డిస్క్ ఫార్మాట్ చేసేటప్పుడు జాగ్రత్త. సైజు ఒకటే అయితే ఏది ఏదో తెలియదు, ఎస్‌డీబీ అని నమ్మి కొడితే సీజన్ల లెక్కలు పోతయి. డెవ్‌లో డిస్క్, అందులో బై-ఐడీ ఫోల్డర్ తెరిస్తే డిస్క్ మోడల్, సీరియల్ నంబరు కనిపిస్తయి. క్యాబినెట్ మూత తీసి, టార్చి వేసి, స్టిక్కర్ మీది సీరియల్‌తో చివరి అక్షరం దాకా సరిచూసుకో. ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టు.