రోదసి యాత్రకు గిరాకీ ఎంత?

ప్రశ్న: బరంపురం నుంచి కాశీ, గయ, రామేశ్వరాలకు బస్సు యాత్రలు నడిపే కుటుంబం మాది. కొన్నేళ్లలో వేలాదిమంది డబ్బు కట్టి అంతరిక్షానికి వెళ్లివస్తారని తరచూ చదువుతున్నాము. ఇప్పటివరకు బహు కొద్దిమంది మాత్రమే వెళ్లిన యాత్రకు రేపు ఎందరు వస్తారో ఎలా లెక్కగడతారు? ఆ లెక్కలను నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు మీ వృత్తిలోనే ఉంది. కాశీ యాత్ర ప్రకటించగానే పేరు రాయించుకునేవారు, అడ్వాన్సు కట్టేవారు, ఆ రోజు సామానుతో వచ్చి బస్సెక్కేవారు ఒకే సంఖ్యలో ఉండరని మీకు తెలుసు. అంతరిక్ష యాత్రల అంచనాలను చదివేటప్పుడు కూడా ఈ మూడింటిలో దేనిని లెక్కించారో ముందుగా చూడాలి.

1968–71 మధ్య అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ చంద్రయాత్రకు పేర్లు నమోదు చేసుకోగా 93 వేలమందికి పైగా ముందుకు వచ్చారు. రుసుము లేదు, తేదీ లేదు, ఎక్కడానికి వాహనమే లేదు. అది కుతూహలానికి కొలత మాత్రమే.

తర్వాత వచ్చిన పరిశోధకులు చాలా జాగ్రత్త పడ్డారు. 2002లో ఫ్యూట్రాన్ అనే అమెరికా సంస్థ, ఖర్చు భరించగలిగిన 450 మంది సంపన్నులను మాత్రమే ఎంచుకుని, ధరతో పాటు ప్రమాదాన్ని, శిక్షణలోని శ్రమను కూడా వివరించి, అప్పుడు వారి అభిప్రాయం తీసుకుంది. భూమి చుట్టూ తిరగకుండా పైకి వెళ్లి కొద్ది నిమిషాల్లో దిగివచ్చే యాత్రకు 2021 నాటికి ఏటా 15 వేలమంది ప్రయాణికులు, 70 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం ఉంటాయని తేల్చింది. ఆ 2021లో అలాంటి యాత్ర చేసినవారు అమెరికా అంతరిక్ష యాత్రల సంస్థ బ్లూ ఆరిజిన్ మూడు ప్రయాణాల్లో కలిపి 14 మంది. అలాంటిదే మరో సంస్థ వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైలట్లు కాక వెళ్లిన నలుగురూ, మన గుంటూరు జిల్లా బిడ్డ శిరీష బండ్లతో సహా, ఆ సంస్థకు చెందినవారే.

ఇంత తేడా రావడానికి, అడిగినప్పుడు అవునన్నవారు తర్వాత వెనక్కు తగ్గడమే కారణమని చాలామంది అనుకుంటారు. నేను అలా భావించను. 2007లో యాత్రలు మొదలుపెడతామని 2004లో చెప్పిన వర్జిన్ గెలాక్టిక్, 2014లో పరీక్షా ప్రయాణంలో నౌక కూలి ఒక పైలట్ మరణించిన విషాదాన్ని కూడా దాటి, తొలి పర్యాటకులను తీసుకువెళ్లగలిగింది 2023 ఆగస్టులోనే. వారిలో ఒకరైన జాన్ గుడ్విన్ 2005లో టికెట్టు కొని, నడుమ పార్కిన్సన్స్ వ్యాధి బయటపడినా ఆశ వదులుకోక, 80 ఏళ్ల వయసులో వెళ్లివచ్చారు. ఇంతటి నిరీక్షణను ఏ సర్వే ముందుగా ఊహించగలదు? అక్కడ కొరవడింది కోరిక కాదు, సిద్ధమైన వాహనం.

అలాగని వెళ్లివచ్చినవారి సంఖ్యనే గిరాకీగా తీసుకోవడం కూడా సరికాదు. 2001లో అమెరికా సంపన్నుడు డెనిస్ టిటో సుమారు 2 కోట్ల డాలర్లు చెల్లించి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన నాటి నుంచి 2009 వరకు ఏడుగురు పర్యాటకులు ఎనిమిది యాత్రలు చేశారు. తర్వాత 2021 దాకా ఒక్కరూ వెళ్లలేదు. కేంద్రంలో సిబ్బంది ఆరుగురికి పెరగడం, 2011లో అమెరికా తన షటిల్ నౌకలను విరమించడం వల్ల రష్యా నౌక సోయుజ్‌లోని సీట్లన్నీ సిబ్బందికే అవసరమయ్యాయి. ఆ పన్నెండేళ్లూ గిరాకీ సున్నా అని రాసుకుంటే అది శుద్ధ తప్పు.

అందువల్ల నేను నమ్మే అంచనా ఒకే అంకె చెప్పదు. స్తోమత ఉండి వెళ్లదలచినవారు ఎందరు, తిరిగిరాని సొమ్ము ముందుగా కట్టి ఏళ్ల తరబడి నిలిచేవారు ఎందరు, ఏటా ఎన్ని సీట్లు నిజంగా ఎగురుతాయి అనే మూడింటినీ విడివిడిగా చూపి, ఒక్కొక్కదానికి కనిష్ఠ, గరిష్ఠ హద్దులను ఇస్తుంది. డబ్బు కట్టిన పర్యాటకుడు ఇలాంటి యాత్రలో మరణిస్తే ఈ మూడూ ఎంత మారతాయో చెప్పడానికి ఇంతవరకు అనుభవం లేదు. అనుభవం లేకపోవడమే మేలు.

ప్రశ్న: నేను వాణిజ్యశాస్త్ర విద్యార్థినిని. ఈ అంశం మీద మా ఊళ్లో సర్వే చేసి ప్రాజెక్టు రాయాలనుకుంటున్నాను. ప్రశ్నలు ఎలా ఉండాలి?
– ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: “అంతరిక్షానికి వెళ్తారా?” అని మాత్రం అడగకమ్మా. ఖర్చు లేని ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. గడచిన మూడేళ్లలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టి చేసిన ప్రయాణం ఏది, దానికి డబ్బు ఎలా సమకూర్చుకున్నారు అని మొదట అడుగు. చేసిన పని చెప్పిన మాటకంటే నమ్మదగినది. ధరను ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క విధంగా చెప్పి, ధర పెరిగేకొద్దీ ఎందరు తప్పుకుంటున్నారో చూడు. ప్రశ్నావళిని తెలుగులోను, ఒడియాలోను సిద్ధం చేయి. లేకుంటే ఊళ్లో సగం మంది అభిప్రాయం నీ లెక్కలోకి రాదు.

ఇంకొక సూచన. మూడు కోట్ల రూపాయలు దాటిన టికెట్టు గురించి గుణుపురంలో అడిగితే వచ్చే జవాబులతో ఆ మార్కెట్టును అంచనా వేయలేవు. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగాన్ని ప్రజలు చూడటానికి ఇస్రో 2019లో వీక్షణ ప్రాంగణాన్ని ప్రారంభించింది. పలాస మీదుగా సూళ్లూరుపేట దాకా రైలు, రెండు రాత్రుల బస, వాయిదా పడితే ఖాళీ చేతులతో తిరిగిరావలసిన నష్టం అన్నీ చెప్పి, దీనికి ఎంత వెచ్చిస్తారని అడుగు. అక్కడ నీకు నిజమైన గిరాకీ దొరుకుతుంది.

ప్రశ్న: విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర వెళ్లివచ్చారు కదా, ఇకపై మన దేశం నుంచి చాలామంది వెళ్తారా?
– ఒక పాఠకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: 2024 మే నెలలో ఆయన బ్లూ ఆరిజిన్ నౌకలో వెళ్లివచ్చినందుకు తెలుగువారిగా మనమందరం సంతోషించాము, కాని ఒక్కరి ప్రయాణం నుంచి సంఖ్యలు రావు. ఇక్కడ ధరతో పాటు చెల్లింపు నియమం కూడా ఉంది. రిజర్వు బ్యాంకు పథకం కింద మన దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపగలిగేది 2.5 లక్షల డాలర్లు. 2021లో వర్జిన్ గెలాక్టిక్ అమ్మకాలు తిరిగి తెరిచినప్పుడు ఒక్క టికెట్టు ధరే 4.5 లక్షల డాలర్లు. అందుచేత భారతీయ గిరాకీని లెక్కించేవారు కోటీశ్వరుల జాబితా కంటే ముందుగా ఆ సొమ్మును రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచి కట్టే వీలు టికెట్టు అమ్మే సంస్థ ఇస్తుందా లేదా అన్నది తెలుసుకోవాలి.