బరువు తగ్గే సర్జరీ తర్వాత, బరువు ఇంకా తగ్గకముందే షుగర్ ఎలా అదుపులోకి వస్తుంది?

ఈ సర్జరీల్లో ఒకటైన గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగు కింది భాగానికి కలపడం) చేస్తే తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా త్వరగా కిందికి చేరుతుంది. దాంతో పేగుల్లో జీఎల్‌పీ-1 హార్మోన్ ఎక్కువగా విడుదలై ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలినీ తగ్గిస్తుంది. పైగా తిండి బాగా తగ్గేసరికి కాలేయంలోని కొవ్వు కరుగుతుంది. అందుకే కొందరికి రోజుల్లోనే షుగర్ మందులు తగ్గించాల్సి వస్తుంది (డాక్టరే తగ్గించాలి, సొంతంగా కాదు). షుగర్ వచ్చి ఎక్కువ ఏళ్లు కానివాళ్లకు ఫలితం మెరుగ్గా ఉంటుంది. కొన్నేళ్లకు తిరిగి రావచ్చు కూడా, కాబట్టి శాశ్వతంగా నయమైందని నేననను.

బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం, మోకాళ్ల నొప్పి బరువుతో పాటు తగ్గుతాయి. నెలసరి సరిగా రాని చాలామందికి గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ సర్జరీ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం తప్పవు. షుగర్ మాత్రల బదులు ఇవా అనిపిస్తుంది, నిజమే.