జావాలో రైతుల పల్లె ఎలా ఉంటుంది? సెంబుంగాన్ గురించి నేను చూసింది

ప్రశ్న ఏంటంటే ఇండోనేషియాలోని జావా దీవిలో పల్లెటూళ్ళు మన ఊళ్ళలాగే ఉంటాయా, ఫొటోల్లో చూపించేంత పచ్చగా ప్రశాంతంగా నిజంగానే ఉంటాయా అని. మొత్తం జావా గురించి చెప్పడం నా వల్ల కాదండి, పదిహేను కోట్ల మంది ఉన్న దీవి అది. నేను కొన్నేళ్ళు అక్కడి సెమరాంగ్ నగరం దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేశా, మా షిఫ్టులో ఒకబ్బాయిది సెంబుంగాన్ అనే కొండ ఊరు, సెలవులొస్తే వాడితో పాటు బైకు మీద వెళ్ళిపోయేవాణ్ణి, కాబట్టి ఆ ఒక్క ఊరి సంగతి చెప్తా.

ఊరు మధ్య జావాలో వొనొసొబో జిల్లాలో ఉంటుంది. వొనొసొబో టౌన్ నుంచి ఘాట్ రోడ్డెక్కి ఒక పాతిక కిలోమీటర్లు పోతే డియెంగ్ అనే పీఠభూమి వస్తుంది, అదే దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, అక్కణ్ణించి ఇంకా పైకి పోతే సెంబుంగాన్, ఇది 2,300 మీటర్ల దాకా ఉంటుంది. జావాలో ఇంతకన్నా ఎత్తున ఇంకో ఊరు లేదని ఊరి మొదట్లోనే పెద్ద బోర్డు పెట్టుకున్నారు. పక్కనే చెబొంగ్ అని ఒక చెరువు, దాని పైన సికునిర్ కొండ. టూరిస్టులంతా ఈ కొండ కోసమే వస్తారు, తెల్లవారుజామున మూడింటికి నాలుగింటికి టార్చిలు పట్టుకుని ఎక్కి, సిందోరో అగ్నిపర్వతం పక్కనుంచి సూర్యుడు రావడం చూసి, సెల్ఫీలు దిగి, కింద బండి మీద వేయించిన బంగాళాదుంపలు తిని ఎనిమిదికల్లా వెళ్ళిపోతారు. ఊరు పనిలోకి దిగేదే అప్పుడు, నన్నడిగితే వాళ్ళు ఊరు చూడనట్టే.

జావా అనగానే మెట్లు మెట్లుగా వరి పొలాలు గుర్తొస్తాయి కదా, ఇక్కడ ఒక్క వరి కంకి కనపడదు. ఆ చలికి వరి పండదు, బియ్యం కింద నుంచే రావాలి, పాతకాలంలో అయితే మొక్కజొన్న నూకలతో అన్నంలా వండుకుని తినేవాళ్ళమని ముసలివాళ్ళు చెప్తారు. అప్పట్లో మొక్కజొన్న, పొగాకు, క్యాబేజీ వేసేవాళ్ళు. 1980ల నుంచి బంగాళాదుంప వచ్చింది, వచ్చాక ఇంక మిగతావన్నీ పక్కకి పోయాయి. ఇప్పుడు రోడ్డు అంచు నుంచి కొండ నెత్తి దాకా ఎక్కడ జానెడు మట్టి ఉంటే అక్కడ దుంపే. మళ్ళు నిలువుగా, నిచ్చెన వేసి ఎక్కాలా అనిపించేంత నిటారుగా ఉంటాయి. ట్రాక్టర్ సంగతి వదిలేయండి, ఎద్దు కూడా నిలబడలేదు అక్కడ, అంతా పార పనే.

నాటే రోజు చూస్తే వీళ్ళ కష్టం అర్థం అవుతుంది. కింద ఊళ్ళ కోళ్ళ ఫారాల నుంచి పచ్చి ఎరువు బస్తాలు లారీల్లో వచ్చి రోడ్డు పక్కన పడి ఉంటాయి, ఊళ్ళోకి అడుగుపెట్టగానే ముందు తగిలేది ఆ వాసనే. అక్కణ్ణించి పైకి భుజం మీద గానీ, సైలెన్సర్ పైకి వంచి టైర్లు మార్చేసిన పాత బైకుల మీద గానీ మోస్తారు, ఒకడు నడుపుతుంటే బస్తా వాడి వీపుకి ఆనుకుని ఉంటది, జారితే బండీ మనిషీ బస్తా మూడూ లోయలోకే. బోదె తీసి, మందంగా ఎరువు పోసి, మొలకలొచ్చిన చిన్న విత్తనపు దుంపలు జానకొకటి చొప్పున పెట్టుకుంటూ పోతారు, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే, నడుం వంచితే మధ్యాహ్నం దాకా ఎత్తరు. ఎక్కువగా వేసేది గ్రనోలా రకం. మూడు మూడున్నర నెలల పంట, నీళ్ళు ఉంటే ఏడాదికి రెండు పంటలు, కొందరు మూడు కూడా తీస్తారు. నేలకి రెస్టు లేదు. వానాకాలంలో ఆకుమాడు తెగులు వస్తుందని రెండు మూడు రోజులకోసారి మందు కొడుతూనే ఉంటారు, ముక్కుకి లుంగీ గుడ్డ కట్టుకుంటే అదే మాస్కు.

నీళ్ళ సంగతి ఇంకో వింత. చెబొంగ్ చెరువులోంచి, ఊటల్లోంచి డీజిల్ పంపులతో పైకి తోడి సన్నటి పైపుల్లో పొలాలకి తీసుకుపోతారు, ఆ పైపులు రోడ్డు పక్కన కట్టలు కట్టలుగా, ఏది ఎవరిదో మనకి తెలీదు, వాళ్ళకి మాత్రం చీకట్లో కూడా తెలుసు. ఎండాకాలంలో, అంటే అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్, రాత్రిళ్ళు ఆకాశం మబ్బు లేకుండా ఉంటే ఎంబున్ ఉపాస్ అనే మంచు పడుతుంది. భూమధ్యరేఖకి ఏడు డిగ్రీల దూరంలో గడ్డి మీద తెల్లగా ఐసు పేరుకుపోతుంది అంటే నేనూ ముందు నమ్మలేదు. టూరిస్టులకి అది పండగ, టిక్‌టాక్ వీడియోలు తీసుకోడానికి రాత్రికి రాత్రి వచ్చేస్తారు, రైతుకి మాత్రం ఎండ ఎక్కేసరికి దుంప ఆకంతా ఉడకబెట్టినట్టు నల్లబడిపోయి ఉంటుంది. అందుకని సూర్యుడు రాకముందే లేచి ఆకుల మీద నీళ్ళు చల్లి మంచు కడుగుతారు. ఆ చలిలో ఆ నీళ్ళు చేతులతో పట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను.

డబ్బులు మాత్రం వచ్చాయండి, అది దాచాల్సిన పనిలేదు. ఊళ్ళో రెండంతస్తుల టైల్స్ ఇళ్ళు, కార్లు, హజ్ యాత్ర చేసొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ గుంటూరు మిర్చి రైతు కథ తెలిసినవాళ్ళకి ఇదీ అదే కథ అని అర్థమైపోతుంది, విత్తనం అప్పు, ఎరువు అప్పు, మందు అప్పు, ధర దళారి చేతిలో, ఒక ఏడు కారు కొంటే ఇంకో ఏడు అదే కారు అమ్మకానికి పెడతారు. పైగా బోదెలు వాలుకి అడ్డంగా కాకుండా వాలు వెంబడే తీస్తారు, నీళ్ళు నిలబడితే దుంప కుళ్ళిపోతుందని. దాంతో ప్రతి వానకీ పైమట్టి కొట్టుకుపోతుంది, అదంతా డియెంగ్‌లోనే పుట్టే సెరాయు నదిలో కలిసి కింద బంజర్నెగారా దగ్గర 1980ల చివర్లో కట్టిన మ్రిచా రిజర్వాయర్‌లో పూడికగా చేరుతోంది. 1998లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో దిగిపోయిన తర్వాత అదుపు లేక ప్రభుత్వ అడవి భూములు కూడా చాలావరకు నరికి దుంప వేసేశారు. చెట్లు నాటండి, కాఫీ వేయండి అని అధికారులు చెప్తూనే ఉంటారు, కాఫీ కాయడానికి మూడేళ్ళు పడుతుంది, దుంప మూడు నెలల్లో డబ్బిస్తుంది, ఎవరు వింటారు చెప్పండి.

ఇళ్ళ సంగతికి వస్తే, హాల్లో సోఫా ఉంటుంది గానీ అక్కడ ఎవరూ కూర్చోరు, టైల్స్ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. చుట్టాన్నైనా సరే నేరుగా వంటింట్లోకే తీసుకుపోతారు. గ్యాస్ ఉంటుంది, మూడు కిలోల ఆకుపచ్చ బుడ్డి సిలిండర్, దాన్ని మెలన్ గ్యాస్ అంటారు, అయినా కట్టెల పొయ్యి ఆర్పరు, దాని చుట్టూ చిన్న పీటలు వేసుకుని, భుజాల చుట్టూ లుంగీ కప్పుకుని నెత్తికి ఉన్ని టోపీ పెట్టుకుని ఇంటిల్లిపాదీ అక్కడే. మల్లెపూల వాసన వచ్చే టీ, పాలుండవు, పంచదార మాత్రం పాకంలా. మా వాడి వాళ్ళమ్మని నేను ‘బు’, అంటే అమ్మా అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను ‘మస్’ అనేది, అంటే అన్నా తమ్ముడూ అన్నట్టు. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండా నింపేసేది, అందుకని చివర్లో కాస్త వదిలెయ్యడం నేర్చుకున్నా.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది జింపితాన్. ఇది ఈ ఒక్క ఊళ్ళోనే కాదు, జావాలో చాలా పల్లెల్లో ఉంది. ఇంటి ముందు గోడకి చిన్న డబ్బా వేలాడుతుంది, అందులో ఇంటివాళ్ళు రోజూ గుప్పెడు బియ్యం వేస్తారు, ఇప్పుడు ఎక్కువమంది చిల్లర నాణెం వేస్తున్నారు. రాత్రి వంతులవారీగా గస్తీ తిరిగే మగవాళ్ళు ఆ డబ్బాలన్నీ ఖాళీ చేసుకుంటూ పోతారు, అదే వీధి నిధి, ఎవరింట్లో చావైనా, వీధి లైటు పోయినా అందులోంచే. డబ్బా ఖాళీగా ఉంటే మర్నాడు అందరికీ తెలిసిపోతుంది అనుకోండి, అది వేరే సంగతి. వీధుల్ని పాతిక ముప్ఫై ఇళ్ళ చొప్పున గుంపులుగా చేసి ఒక పెద్దని పెట్టే పద్ధతి 1940లలో జపాన్ వాళ్ళు ఆక్రమించినప్పుడు మొదలైంది, వాళ్ళు పోయినా అది మాత్రం నిలబడింది.

మనవాళ్ళకి ఆసక్తిగా ఉండేది ఇంకోటి, డియెంగ్ మైదానంలో పాత శివాలయాలు ఉన్నాయి, జావాలో మిగిలిన రాతి గుళ్ళలో అన్నిటికన్నా పాతవి ఇవే అంటారు, అక్కడ దొరికిన ఒక శాసనం క్రీ.శ. 809 నాటిది. వాటి పేర్లు అర్జున, పుంతదేవ (మన ధర్మరాజే), భీమ, ఘటోత్కచ, శ్రీకండి, సెంబద్ర. కట్టినప్పటి పేర్లు కావు, తర్వాత జనం తోలుబొమ్మలాట పాత్రల పేర్లు పెట్టేశారు. వాళ్ళ కథలో శ్రీకండి అంటే శిఖండి, అర్జునుడి భార్య, విల్లు పట్టే వీరనారి. ఊరంతా ముస్లింలే, మసీదుకి పోతారు, అర్జునుడి కథ మాత్రం మనకన్నా ఎక్కువే చెప్తారు. ఇక్కడ కొందరు పిల్లలకి జ్వరం వచ్చి తగ్గాక జుట్టు దానంతటదే జడలు కట్టేస్తుంది, కారణం ఏంటో గానీ అది దైవాంశ అని నమ్ముతారు, ఆ పిల్లో పిల్లాడో తనంతట తాను అడిగేదాకా కత్తెర పెట్టరు, అడిగినప్పుడు ఏం కోరితే అది ఇవ్వాలి, మేకైనా సైకిలైనా.

ఇంత అందంగా ఉన్నా కింద ఉన్నది అగ్నిపర్వతమే, అది మర్చిపోకూడదు. 1979 ఫిబ్రవరి 20 తెల్లవారుజామున పీఠభూమికి ఇంకో వైపున సినిలా బిలం పేలితే కెపుచుకాన్ ఊరి జనం భయపడి పరిగెత్తారు, దారిలో నేల బారున కమ్ముకున్న కార్బన్ డయాక్సైడ్‌లో చిక్కుకుని దాదాపు 150 మంది చనిపోయారు. రాళ్ళు తగిలి కాదు, ఊపిరి ఆడక. ఇప్పుడు అదే పీఠభూమి మీద 60 మెగావాట్ల భూతాప విద్యుత్ కేంద్రం నడుస్తోంది, ఆవిరి పైపులు దుంప మళ్ళ మధ్యనుంచే పోతాయి, పిల్లలు వాటికి ఆనుకుని చలి కాచుకుంటారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: యోగ్యకర్త నుంచి మగెలాంగ్ మీదుగా వొనొసొబో, అక్కణ్ణించి మినీ బస్సు డియెంగ్ దాకా, ఆ పైన ఓజెక్ అంటే బైకు ట్యాక్సీ. జూలై ఆగస్టు అయితే వాన ఉండదు, స్వెటర్ ఒక్కటి చాలదు. చాలా ఇళ్ళు హోమ్‌స్టేలే, సూర్యోదయం ప్యాకేజీ మాత్రమే తీసుకోకుండా మీరు దిగిన ఇంటివాళ్ళతో పాటు ఒక పూట పొలానికి వస్తామని అడగండి, నవ్వుతారు గానీ తీసుకెళ్తారు. కరికా అని బుల్లి బొప్పాయిలాంటి కొండ పండు పాకంలో వేసి కప్పుల్లో అమ్ముతారు, అది తప్పకుండా తినండి. శాకాహారులైతే టెంపె కెముల్ దొరుకుతుంది, సోయా ముక్కని పిండిలో ముంచి వేయించింది, మన బజ్జీలాగే వేడివేడిగా తినాలి, కానీ సంబల్ పచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు కాబట్టి ముందే ‘తన్పా తెరాసి’, అంటే రొయ్యల ముద్ద లేకుండా అని చెప్పుకోండి.