ఉగ్రస్తంభం ఎక్కబోతున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. డిసెంబరులో శని, ఆదివారాలు చూసుకుని మీ ఆఫీసు వాళ్ళు పదకొండుమంది హైదరాబాదు నుంచి అహోబిలం వస్తున్నారట, నరసింహస్వామి చీల్చుకుని వచ్చాడని చెప్పుకునే ఆ రాతి శిఖరం, ఉగ్రస్తంభం ఎక్కుతారట, అందరినీ కూడగట్టింది నువ్వేనట. సంతోషం పట్టలేకపోయాను. ఎగువ అహోబిలం గుడి మెట్ల మీద "ఎత్తుకో పెదనాన్నా" అని చేతులు చాచిన పిల్లవి, ఇప్పుడు పదిమందిని కొండెక్కిస్తానంటున్నావు. ఆ సంతోషంతోనే పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆ కొండ నాకు బాగా తెలుసు కనుక పట్టలేదు. తెల్లారగానే ఇది రాస్తున్నా. నీతోపాటు వచ్చే వాళ్ళందరికీ చదివి వినిపించు.

కాలం బాగానే ఎంచుకున్నావు. ఎండాకాలంలో ఆ బండల మీద చెయ్యి పెట్టలేం, వానాకాలంలో కాలు పెట్టలేం. నల్లమల రాయి చాలావరకు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. పొడిగా ఉంటే బూటును గట్టిగా పట్టుకుంటుంది. తడిసి పాచి పట్టిందా, నూనె రాసిన పళ్ళెమే. ఒక్కటి చూసుకో, మీరొచ్చే రోజు స్వాతి నక్షత్రం కాకూడదు. అది స్వామి జన్మనక్షత్రం, ఆ రోజు మెట్ల దారంతా జనమే ఉంటారు.

బూట్లు కొత్తవి వద్దు, కనీసం రెండు వారాలు వాడినవి వేసుకోండి. కాలి గోళ్ళు ముందు రోజే కత్తిరించుకోండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. సంచి బరువు ఐదు కిలోలు దాటకూడదు. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ పొట్లం కలపాలి. పొట్లం మీద ఎన్ని నీళ్ళు రాసుంటే అన్నే కలపండి. ఘాటుగా ఉంటే మంచిదనుకుని సగం నీళ్ళలో కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. తినడానికి పులిహోర, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, బెల్లం. పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులుస్తుంది. అడవిశాఖ అనుమతి సంగతి ముందే కనుక్కోండి. ఉగ్రస్తంభానికి స్థానికుడైన గైడు లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు.

శుక్రవారం రాత్రంతా బస్సులో కూర్చుని శనివారం పొద్దున్నే కొండెక్కుదామని అనుకుంటున్నారేమో. వద్దమ్మా. నిద్ర లేని కాలు రాయిని సరిగ్గా అంచనా వెయ్యలేదు. శనివారం దిగువ అహోబిలంలో ఉండి భార్గవ, యోగానంద, ఛత్రవట నరసింహ స్వాములను చూసుకోండి. ఆ కాస్త నడకకే ఎవరి మోకాలు ఎలా ఉందో, ఎవరి బూటు కరుస్తోందో బయటపడుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకుని, ఆదివారం తెల్లవారుజామున ఎగువకి రండి. ఎనిమిది కిలోమీటర్లు రోడ్డే. ఆరున్నరకి నడక మొదలవ్వాలి. ఇంకో మాట, తిరుగు ప్రయాణంలో బండి నడిపేది కొండెక్కి దిగిన మనిషి కాకూడదు. వ్యానుకి డ్రైవరును మాట్లాడుకోండి. కొండ మీద ఏమీ కాకుండా దిగి, రాత్రి హైవే మీద కునుకు పట్టి పోగొట్టుకునే ప్రాణాలూ ఉంటాయి.

ఇక అసలు సంగతి. గుంపు చీలిపోవడం. కొండ మీద జరిగే అనర్థాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి కాబట్టి దీన్ని నిదానంగా చదువు.

గుడి దగ్గర అందరూ కలిసే బయల్దేరతారు. భవనాశి ఏటి ఒడ్డున, క్రోడ నరసింహస్వామి గుడి దాటేదాకా కబుర్లు, ఫోటోలు. మెట్లు నిటారుగా అయ్యేసరికి కాళ్ళలో బలమున్న నలుగురు ముందుకెళ్ళిపోతారు. చెడ్డవాళ్ళేం కాదు, కాలు లాక్కెళ్తుంది, అంతే. పావుగంట ముందే ఒక బండ మీద చేరి, నీళ్ళు తాగి, చెమట ఆరబెట్టుకుని, వెనకవాళ్ళ కోసం చూస్తారు. వెనకవాళ్ళు రొప్పుతూ వచ్చేసరికి "వచ్చేశారుగా, పదండి" అని లేస్తారు. చూశావా, అవసరం లేనివాళ్ళకి పావుగంట విశ్రాంతి, అవసరమున్నవాళ్ళకి ఒక్క నిమిషం లేదు. ఇలా రెండు మూడుసార్లయ్యాక చివర్లో ఉన్న మనిషికి అలసట కన్నా సిగ్గు ఎక్కువవుతుంది. "నావల్ల మీకు ఆలస్యం, మీరు వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటా" అంటుంది. అందరికీ అది మర్యాదగానే వినిపిస్తుంది. ఆ మాటకి సరే అన్న క్షణమే తప్పు జరిగిపోయినట్టు.

జ్వాలా నరసింహస్వామి గుడి రాకముందే ఉగ్రస్తంభం దారి విడిపోతుంది. ముందున్న నలుగురు పైకెళ్తారు. మధ్యలో వాళ్ళు "మేం జ్వాలా దగ్గర ఉంటాం" అని ఒక్కరికి చెప్పి అటు తిరుగుతారు. విన్న ఆ ఒక్కరు రాళ్ళెక్కే హడావిడిలో మర్చిపోతారు. కింద కూర్చున్న మనిషికి అరగంటలో ఊపిరి తేలికపడుతుంది. ఒంటరిగా కూర్చోవడం బాగుండక లేచి నడుస్తుంది, ఎటో ఒకవైపు. దిగేటప్పుడు పైనుంచి వచ్చేవాళ్ళు "ఆమె జ్వాలా వాళ్ళతో ఉంది" అనుకుంటారు. జ్వాలా నుంచి వచ్చేవాళ్ళు "పైవాళ్ళతో ఉంది" అనుకుంటారు. ఎవరి నమ్మకం వాళ్ళది. రెండు జట్లూ గుడి దగ్గర కలిసి ఒకరి వెనక ఒకరు వెతుక్కునే వేళకి సాయంత్రం ఐదు. డిసెంబరులో ఐదున్నర దాటితే ఆ లోయలో మెట్టు కనపడదు. ఫోన్ అందదు. వెతకడానికి పంపాల్సింది, అప్పటికే కాళ్ళు వణుకుతున్న ఆ మనుషుల్నే.

ఇది నా చేతి కింద జరిగింది, తల్లీ. ఆమె దొరికింది. రాత్రి తొమ్మిదింటికి, చీలమండ బెణికి, సీసాలో చుక్క నీళ్ళు లేకుండా, దారికి ఇరవై అడుగుల దూరంలో ఒక బండ వారన. మేము రెండుసార్లు ఆ పక్కనుంచే వెళ్ళాం. కేకలు వేసీ వేసీ గొంతు పోయి ఆమె పలకలేకపోయింది. అందుకే అందరి మెడలోనూ ఈల ఉండాలంటాను. గొంతు పోయినా ఊపిరి ఉంటుంది. ఒక ఈల అంటే ఆగండి, రెండు అంటే నా దగ్గరకు రండి, మూడు అంటే ఆపద. బయల్దేరేముందు ఒకసారి అందరి చేతా ఊదించు.

నడకలో గైడు ముందుండాలి, ఆయన్ని దాటి ఎవరూ పోకూడదు. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ఆయన వెనకే, రెండో స్థానంలో పెట్టు. అప్పుడు గుంపు నడక దానంతట అదే ఆ మనిషి నడకకి సర్దుకుంటుంది, ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. చిట్టచివర నువ్వుండు. నాయకురాలి చోటు ముందుంటుందని అనుకుంటావేమో. వెనకనే ఉండాలి, అందరూ కనపడేది అక్కడినుంచే. మందుల సంచి, తలకి కట్టుకునే లైటు నీ దగ్గరే ఉండాలి. ఫోన్ లైటు చాలదు, దిగేటప్పుడు రెండు చేతులూ రాళ్ళకి కావాలి. విశ్రాంతి లెక్క చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే మొదలవ్వాలి, అక్కణ్ణుంచి ఐదు నిమిషాలు.

లెక్క నువ్వు తలలు చూసి పెట్టొద్దు. కళ్ళు మోసం చేస్తాయి, పక్కనున్న వేరే యాత్రికుణ్ణి కూడా కలిపేస్తాయి. ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చి గట్టిగా చెప్పించు, ఒకటి నుంచి పదకొండు దాకా. గుడి దగ్గర, క్రోడ స్వామి దగ్గర, దారి విడిపోయేచోట, పైన, మళ్ళీ దిగేటప్పుడు ఇవే చోట్ల. ఎవరైనా ఆగిపోతానంటే ఆగనివ్వు, బలవంతంగా ఎక్కించకు. కానీ ఒంటరిగా కాదు, మరొకరు తోడుండాలి. వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో గైడుకి చూపించాలి, మీరు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం యాభై అడుగుల దూరంలో ఉన్నా సరే. ఆ గంట ముందు రోజే అందరితో ఒప్పించు. పైన అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

భవనాశి గురించి చెప్పకుండా ఉండలేను. డిసెంబరులో కూడా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నల్లమలలో వాన దంచుతుంది. మీ నెత్తిన మబ్బు లేకపోయినా పైన ఎక్కడో కురిసిన నీళ్ళు ఆ ఇరుకు లోయలోకే వస్తాయి. తేటగా ఉన్న నీరు మసకబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా, ఫోటోలు ఆపి ఎత్తైన ఒడ్డుకి ఎక్కేయండి. పారే నీరు మోకాలు దాటితే దాటొద్దు. చేయీ చేయీ పట్టుకుని దాటేద్దాం అనేవాళ్ళుంటారు, వినకు. ఎంత ఆలస్యమైనా సరే, తగ్గేదాకా ఒడ్డునే ఆగండి.

తేనెపట్లు. ఆ కొండ చరియల కింద పెద్ద తేనెటీగలు పడతాయి. తల పైకెత్తి చూస్తే నల్లటి చాటల్లాగ వేలాడుతుంటాయి. వాటి కింద కేకలు, సిగరెట్టు, రాయి విసరడం, ఘాటైన సెంట్లు, ఏవీ వద్దు. లేచాయంటే ముఖం గుడ్డతో కప్పుకుని వచ్చిన దారిన పరుగెత్తడమే, చేతులు ఆడించకుండా. నీళ్ళలోకి దూకితే లాభం లేదు, పైన కాచుకుని ఉంటాయి. ముల్లు ఆలస్యం చెయ్యకుండా గోటితో గీకి తీసేయాలి. ఊపిరి బిగుసుకున్నా, పెదాలు వాచినా అది మామూలు కుట్టుడు కాదు, వెంటనే ఆస్పత్రి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, ఏదీ చెయ్యనివ్వకు. కాలు కదలకుండా కర్రకట్టి మోసుకుని దించండి, ఫోన్ అందగానే 108కి చెయ్యండి. కోతుల విషయం తెలిసిందే. చేతిలో ప్లాస్టిక్ సంచి కనపడితే అది వాటిదే.

జ్వాలా దాకా మెట్లూ దారీ ఉన్నాయి. దారి విడిపోయాక ఉగ్రస్తంభానికి బండలూ వేర్లే. రెండు చేతులూ రెండు కాళ్ళూ కలిపి నాలుగనుకో, మూడు ఎప్పుడూ రాయి మీద స్థిరంగా ఉండాలి, ఒక్కటే కదలాలి. వేరుని పట్టుకునే ముందు గుంజి చూడు, ఎండిపోయినది చేతిలోకి ఊడొస్తుంది. పైనున్న మనిషి రాయి కదిపితే "రాయి" అని అరవాలి, కిందున్నవాళ్ళు తలెత్తి చూడకుండా బండకి అతుక్కోవాలి. పైన నిలబడే చోటు ఇరుకు, గాలి తోస్తుంది. ఒకేసారి ముగ్గురికి మించి ఎక్కనివ్వకు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేసే వాళ్ళ మీద నీ కన్ను ఉండాలి.

దిగడం ఎక్కడం కన్నా కష్టం, ఆ మాట ఎవరూ నమ్మరు. ఎక్కేటప్పుడు ఊపిరి అలిసిపోతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు. దిగేముందు బూటు తాళ్ళు చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి, లేకపోతే ప్రతి అడుగుకీ వేళ్ళు ముందుకి గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి. మడమ మీద ఎక్కడైనా వేడిగా మంటగా అనిపిస్తే అప్పుడే ఆగి అక్కడ టేపు అంటించాలి. బొబ్బ లేచాక అంటించి ఏం లాభం? గుడి దగ్గర అద్దెకిచ్చే వెదురు కర్ర మనిషికొకటి తీసుకోండి. ఏం పరువు తక్కువ కాదు, దాని విలువ దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇన్ని భయాలు చెప్పి నిన్ను బెదరగొట్టానేమో. అందుకు కాదు తల్లీ రాసింది. పొద్దున ఏడింటికి ఆ లోయలో ఎండ ఇంకా దిగదు. పైన చరియల అంచు ఒక్కటే ఎర్రగా వెలుగుతుంటుంది, కింద నువ్వు చలిలో నడుస్తుంటావు. జ్వాలా దగ్గర కొండ అంచు నుంచి నీళ్ళు తెరలా పడుతుంటే ఆ తెర వెనక నుంచి నడిచి వెళ్ళాలి. వచ్చేటప్పుడు రక్తకుండం చూడు, స్వామి హిరణ్యకశిపుణ్ణి చంపి చేతులు కడుక్కున్నాడంటారు. పైనుంచి చూస్తే నల్లమల ఒక వరస వెనక ఒక వరసగా నీలంగా పోతూనే ఉంటుంది, ఇల్లు గానీ రోడ్డు గానీ కనపడదు. అక్కడ కూర్చుని పదకొండుమంది ఒకే డబ్బాలో పులిహోర తినండి. ఆఫీసులో ఏళ్ళ తరబడి పక్క కుర్చీలో కూర్చుని ఒక్క మాట కలపని మనిషి, అక్కడ తన సీసాలో మిగిలిన నీళ్ళు నీకు పోస్తాడు. అందరికన్నా ఆఖర్న పైకి చేరిన మనిషి మొహం చూడు. నేనన్ని ఏళ్ళూ ఆ మొహం చూడడానికే వెళ్ళాను.

కిందికి చేరాక ఎగువ గుడి దగ్గర ఫోన్ అందుతుంది. పెద్ద మెసేజ్ ఏం రాయక్కర్లేదు, అలిసిపోయుంటావు. ఆఖరి లెక్క చెప్పించాక "పదకొండు" అని ఒక్క ముక్క పెట్టు. మూడింటినుంచీ ఫోన్ ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటాను.

మీ పెదనాన్న